నల్లపొగ

"మీరే చూస్తారా మేస్త్రిగారూ? చూడలేనంటే చెప్పండి, ఇంకొకర్ని పిలిపిస్తాను," అన్నాడు లారీ ఓనరు. అలా అడగడం అది మూడోసారి.

"నేనే చూడాలి," అన్నాడు మేస్త్రి చొక్కా చేతులు పైకి మడుస్తూ.

క్రేను దించి వెళ్ళిన లారీ షెడ్డులో ఒక పక్కకు ఒరిగి ఉంది. పాత బండి. రెండు వారాల కిందట కొండెక్కుతుండగా సగం దారిలో ఇంజను ఆగిపోయింది. ఇంజను ఆగితే బ్రేకులకు గాలి అందదు, స్టీరింగు బిగుసుకుపోతుంది. నిండు లోడుతో వెనక్కి జారి లోయలో పడింది. డ్రైవరు పోయాడు.

ఇప్పుడు తేలవలసింది ఒక్కటే. తప్పు డ్రైవరుదా, మెకానిక్కుదా? డ్రైవరు కునుకు తీశాడని కొందరన్నారు. పోయినవాడు వచ్చి కాదనలేడు కదా, ఎవరి నోటికొచ్చింది వాళ్ళన్నారు. అంతకు ముందు వారమే ఆ బండి ఇంజనుకు గాలిగొట్టం మార్చినవాడు ఎదురు షెడ్డు బక్కోడు. తప్పు అతనిదని తేలితే జైలే.

బక్కోడు పేరుకే బక్కోడు. నోరు మాత్రం లారీ హారనుకు తమ్ముడు. ఆ రోజు ఆ నోట్లో తడి లేదు.

"దీపం నువ్వు పట్టుకో," అన్నాడు మేస్త్రి, గుమ్మం పక్కన నిలబడ్డ అతనితో.

ఇద్దరూ క్యాబిన్లోకి ఎక్కారు. ఇంజను మూత డ్రైవరు సీటు పక్కనే ఉంది. సీటు ఖాళీగా ఉన్నా మేస్త్రి దాని మీద కూర్చోలేదు. మోకాళ్ళ మీద వంగి పని మొదలుపెట్టాడు. సీటు కింద ఒంటి చెప్పు ఒకటి కనబడింది. తీసి, దుమ్ము దులిపి, పక్కన పెట్టాడు. తర్వాత హ్యాండుబ్రేకు కేసి చూశాడు. అది చివరిదాకా లాగి ఉంది.

"నిద్రపోయినవాడు బ్రేకు ఇలా లాగడు," అన్నాడు.

"నేనూ అదే అంటున్నాను. మంచి పనివాడు," అన్నాడు కిందనుంచి ఓనరు, మెల్లగా.

"వెనక బండివాడు ఏం చూశాడట?"

"గుప్పున నల్లపొగ వచ్చిందట. ఆ వెంటనే ఆగిపోయిందట."

"నల్లపొగంటే డీజిలు అందుతోంది, గాలి అందడం లేదు. మనిషికైనా ఇంజనుకైనా ముందు ఊపిరి కావాలి."

ఓనరు ఫోను మోగితే మాట్లాడుకుంటూ బయటికి నడిచాడు. మేస్త్రి ఎయిర్ ఫిల్టరు విప్పాడు. శుభ్రంగా ఉంది. ఇంజనులోకి గాలి నెట్టే టర్బో రెక్కను వేలితో తిప్పాడు. బొంగరంలా తిరిగింది. ఇక మిగిలింది గాలిగొట్టం. క్లిప్పు వదులు చేసి, గొట్టం లాగి, ఇంజను వైపు మూతిలో చెయ్యి పెట్టాడు. మణికట్టు దాకా పోయాక వేళ్ళకు ఏదో మెత్తగా తగిలింది. రెండు వేళ్ళతో పట్టి లాగాడు.

మసిపట్టి ఉండలా చుట్టుకుపోయిన గుడ్డపీలిక.

బక్కోడు దీపం దాని దగ్గరికి తెచ్చాడు.

విప్పిన గొట్టాల మూతికి గుడ్డ కుక్కడం మెకానిక్కులందరికీ అలవాటే. లోపల ఏ నట్టో పడితే ఇంజను నాశనమైపోతుంది. అందుకే కుక్కుతారు. బిగించేముందు తీసేస్తారు.

"అటొకటి, ఇటొకటి కుక్కాను మేస్త్రీ," అన్నాడు బక్కోడు. "ఒకటి తీశాను. ఇంకోటి... తీశాననే అనుకున్నాను. ఇవాళ్టిదాకా తీశాననే అనుకుంటున్నాను."

చదునైన రోడ్డు మీద ఆ పీలిక గొట్టం వంపులో ఒదిగి ఉండిపోయింది. కొండెక్కేటప్పుడు గాలి జోరు పెరిగి, దాన్ని ముందుకు నెట్టి, ఇంజనుకు ఊపిరి ఆడకుండా చేసింది. ఇద్దరికీ అర్థమైంది. చెప్పుకోవలసిన పని లేదు.

మేస్త్రి కళ్ళు ఎర్రబడ్డాయి. స్పానరు ఉన్న చెయ్యి పైకి లేచింది. బక్కోడు తల కూడా తప్పించలేదు. కొడితే బాగుండుననే అనుకున్నాడు. మనిషి ప్రాణం తీసిన పాపం రెండు దెబ్బలతో పోతుందా? అయినా కొడితే బాగుండుననిపించింది.

చెయ్యి అలాగే కాసేపు ఉండి కిందికి దిగింది.

"ఇంట్లో ఎవరెవరున్నారు రా?"

"మా అమ్మ. నేను తప్ప ఆవిడకెవరూ లేరు."

ఎండ షెడ్డు గడప దాటి లోపలికి వచ్చింది. బయట ఓనరు ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది. గుడ్డపీలిక ఇంకా మేస్త్రి పిడికిట్లోనే ఉంది.

"ఇకమీద నట్లతో పాటు గుడ్డలు కూడా లెక్కపెట్టుకో," అన్నాడు. పిడికిలి జేబులో పెట్టుకుని క్యాబిన్ దిగాడు.

"తేలిందా మేస్త్రిగారూ?" అన్నాడు ఓనరు ఎదురొచ్చి.

"తేలింది. టర్బో పట్టేసింది. పాతబడిపోయింది, పాపం, అదీ ఎన్నాళ్ళని తిరుగుతుంది? డ్రైవరు తప్పేం లేదు."

"మరి ఈ బక్కోడు?"

"వాడి తప్పూ లేదు. గొట్టం చక్కగానే బిగించాడు. పోలీసులకు రాసివ్వండి, కింద నేను సంతకం పెడతాను."

క్యాబిన్లో బక్కోడు మోకాళ్ళ మీద కూలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చాడు.

మేస్త్రి మాటను ఓనరూ అనుమానించలేదు, పోలీసులూ అనుమానించలేదు. ఆ లారీతో లోయలో పడి పోయిన డ్రైవరు మేస్త్రి కన్నకొడుకు.