సున్నా మార్కులు

"మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటుందా?"

"లేదమ్మా," అంది తల్లి, ప్రశ్న పూర్తి కాకముందే.

ఆసుపత్రి గదిలో బల్లకు అవతలున్న మేడమ్ కాగితం మీద అడ్డగీత పెట్టింది. "కంగారు పడకండి. శబ్దాలూ వెలుతురూ స్పర్శా తట్టుకోలేని వాళ్లని ముందే పసిగట్టాలని ఈ ప్రశ్నలు తయారుచేస్తున్నాం. పిల్లలకో జాబితా, పెద్దలకో జాబితా. అవునన్న ప్రతిదానికీ ఒక మార్కు. పది దాటితేనే భయం."

తల్లి పక్క కుర్చీలోని పాప వైపు చూసింది. అక్క కొడుక్కి పద్నాలుగు మార్కులొచ్చాయి. వాడిప్పుడు బడిలో అందరికీ దూరంగా, చివరి గదిలో ఒక్కడే కూర్చుంటున్నాడు. రేపు తన కూతురూ అంతేనా?

ఆయా పాత గుడ్డతో పట్టుకుని రెండు స్టీలు గ్లాసుల టీ తెచ్చిపెట్టింది. ఏసీ చలికి ముడుచుకున్న పాప, తల్లి గ్లాసును దగ్గరికి లాక్కుని రెండు చేతులా పట్టుకుంది.

"ఒలకబోశావంటే చూడు!" అని తల్లి మళ్లీ మేడమ్ పెన్ను వైపే చూసింది.

"తల దువ్వితే ఏడుస్తుందా?"

"చిక్కు ఎంత లాగినా కిక్కురుమనదు."

"గోళ్లు తీస్తే?"

"ఊహూఁ."

"సూది వేస్తే?"

"అయ్యో, నర్సమ్మకే కళ్లనీళ్లు తిరిగాయి! ఇదేమో కిటికీలోంచి పిట్టని చూస్తోంది. వాళ్ల నాయనమ్మ దీన్ని ఋషమ్మా అంటుంది. దీని తపస్సు చెడగొట్టడం ఎవరి తరమూ కాదట."

మేడమ్ నవ్వింది. తల్లికి కాస్త ధైర్యమొచ్చింది.

"ఒకటడగనా అమ్మా? అన్నీ గోల చేసే పిల్లల గురించే అడుగుతున్నారేం?"

"మా దగ్గరికొచ్చేది వాళ్లేగా! నోరెత్తని పిల్లల్ని ఎవరు తీసుకొస్తారు?" మేడమ్ చివరి గీత పెట్టి, పైనుంచి కిందికి లెక్క చూసింది. మరోసారి చూసింది.

"ఎన్నమ్మా?" తల్లి కుర్చీ అంచును గట్టిగా పట్టుకుంది. "దాచకండి. ఎంతున్నా చెప్పేయండి."

"సున్నా. ఇన్ని వందల మందిలో ఇదే మొదటి సున్నా. అదృష్టవంతులు, హాయిగా బడిలో చేర్పించండి."

నెల రోజులుగా గుండెల మీదున్న బండ దిగిపోయింది. తల్లి ఏడుస్తూనే నవ్వింది. మేడమ్ గ్లాసులోంచి ఇంకా ఆవిరి లేస్తోంది.

"పద ఋషమ్మా, ఇంటికెళ్దాం."

పాప గ్లాసు వదిలి, ఎత్తుకోమని నవ్వుతూ చేతులు చాపింది.

రెండు అరచేతులూ బొబ్బలెక్కి ఉన్నాయి.