గోడ దానంతటదే పడింది

క్లిఫర్డ్ ఇవతలికి దూకాడు. అతని వెనకే గోడ కూడా దూకింది.

చప్పుడు సద్దుమణిగాక చూస్తే, రెండు బారల మేర గోడ గడ్డిలో గుట్టగా పడి ఉంది. సున్నం, మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ. ఆ కొండల మీద గోడలన్నీ అంతే. కాస్త దూరంలో మేస్తున్న గొర్రెలు తలలెత్తి క్లిఫర్డ్ వంక చూశాయి.

అతని భార్య ఎనిడ్ ఇంకా అవతలే ఉంది. గోడ పడిన చోటునుంచి నింపాదిగా నడిచి వచ్చింది.

"బాగుంది. నాకు ఎక్కే పని తప్పించావు."

"దెబ్బ తగిలిందా అని అడగవేం?"

"గోడకా?"

కొండ కొసన, నల్లరాతి బురుజు దగ్గర, నడక సంఘం వాళ్ళు కాసేపట్లో సాండ్‌విచ్ పొట్లాలు విప్పుతారు. వాళ్ళంతా బాట పట్టుకుని చుట్టూ వెళ్ళారు. అడ్డదారిన మీకంటే ముందుంటానని గొప్పలకు పోయింది క్లిఫర్డే. పైగా అతను ఆ సంఘానికి కార్యదర్శి. ఎవరైనా బాట దిగి అడుగు పక్కకు వేస్తే అక్కడికక్కడే పాఠం చెప్పే మనిషి. గోడలెక్కకూడదన్నది ఆ పాఠంలో మొదటి ముక్క.

"పద, ఎవరూ చూళ్ళేదు," అన్నాడు.

"కింద ఇల్లు కనిపిస్తోంది. వెళ్ళి చెబుదాం."

"చెప్పి? రేపు సంఘంలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"అయితే పేర్చు. పేర్చేదాకా నేను కదలను." ఎనిడ్ ఒక రాయి మీద చతికిలబడింది.

క్లిఫర్డ్ గొణుక్కుంటూ పేర్చడం మొదలుపెట్టాడు. పెట్టిన రాయల్లా జారిపోతోంది. వేళ్ళు చితికాయి. అలా ఎంతసేపు కుస్తీ పట్టాడో, తలెత్తేసరికి కింది ఇంటివైపు నుంచి ఒక మనిషి వస్తున్నాడు. మోకాళ్ళ దాకా బూట్లు, చేతిలో బుట్ట, వెనక కుక్క. గొర్రెల ఆసామి. తన పేరు మెట్‌కాఫ్ అని చెప్పుకున్నాడు.

"ఏమైంది సారూ?"

ఎనిడ్ నోరు తెరిచేలోగా క్లిఫర్డ్ అందుకున్నాడు.

"మేం వచ్చేసరికే పడి ఉందండీ. దానంతటదే పడినట్టుంది. మీ గొర్రెలు బయటికి పోతాయేమోనని, ఏదో మా చేతనైనంత..."

మెట్‌కాఫ్ ముఖం విప్పారింది.

"ఎంత మంచివాళ్ళు! ఈ దారిన పోయేవాళ్ళు గోడ తొక్కి పడేస్తారు, వెనక్కి కూడా చూడరు. ఆగి రాయెత్తిన మనిషిని మిమ్మల్నే చూశా. ముందు కూర్చోండి, అమ్మా మీరూ."

బుట్టలోంచి ఫ్లాస్కు, మూడు కప్పులు తీసి టీ పోశాడు. ఎండుపళ్ళ కేకు కోసి, అక్కడి అలవాటు ప్రకారం దాని మీద చీజ్ ముక్క పెట్టి, పెద్ద ముక్క క్లిఫర్డ్ చేతిలోనే పెట్టాడు. క్లిఫర్డ్ దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. ఎనిడ్ కప్పులోకి చూస్తూ టీ తాగింది.

తర్వాత ముగ్గురూ పనిలోకి దిగారు. పెద్దవి అడుగున, చిన్నవి నడిమధ్య అని చెబుతూ మెట్‌కాఫ్ చకచకా పేరుస్తుంటే, మిగతా ఇద్దరూ రాళ్ళు అందించారు.

"ఇదంతా మా నాన్న నిర్వాకం," అన్నాడు మెట్‌కాఫ్ ఉన్నట్టుండి.

"ఆయనేం చేశారు?" అన్నాడు క్లిఫర్డ్.

"ఈ ముక్క కట్టింది ఆయనే, పోయిన నెల్లో. ఎనభై ఆరేళ్ళు. చేతులు వణుకుతున్నాయి నాన్నా, ఇక గోడల జోలికి పోకు అంటే వింటేనా! నేను కట్టింది నేను పోయాక కూడా నిలబడుతుందిరా అని నా మీదే ఎగురుతాడు. ఇవాళ దొరికాడు. దానంతటదే పడిందట, చూసినవాళ్ళే చెప్పారు అంటా. రాళ్ళు చెక్కే సుత్తి లాగేసుకుంటా."

"పోనీలెండి, పెద్దాయన..."

"ఎలా పోనిస్తాం సారూ? రేపు ఏ మనిషి మీదో పడితే? సుత్తి లాక్కుంటే ఏడుస్తాడు, నిజమే. ఏం చేస్తాం, ఏడవనీ."

క్లిఫర్డ్ ముఖం చెవుల దాకా మండింది. పొయ్యి పక్కన కూర్చున్న ముసలాయన, తన చేతులవంక చూసుకుంటూ సుత్తి కొడుక్కి ఇచ్చేయడం కళ్ళకు కట్టింది. ఇన్నేళ్ళూ ఊరందరికీ చెప్పిన పాఠాలు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. ఒక్క మాట చెబితే చాలు, ముసలాయన నిర్దోషి అవుతాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతోంది.

"పట్టుకో, మంచివాడా," అంది ఎనిడ్ రాయి అందిస్తూ.

ఆ మాటతో అతనికి తల ఎత్తే ధైర్యం కూడా పోయింది.

చివరి రాయి కూర్చుంది. మెట్‌కాఫ్ చేతులు దులుపుకున్నాడు.

"పనైపోయింది. ఇక వెళ్ళి ముసలాయన పని పడతా."

"ఆగండి," అన్నాడు క్లిఫర్డ్. "అది దానంతటదే పడలేదు. నేను ఎక్కి పడగొట్టా. మావాళ్ళకంటే ముందు పైకి చేరాలని. మీకు అబద్ధం చెప్పా, మీ టీ తాగా, మీ నాన్నగారి మీద నిందపడుతుంటే నోరు మూసుకున్నా. పదండి, మీ ఇంటికొచ్చి ఆయనకి నేనే చెబుతా. మా సంఘంలో కూడా చెబుతా. ఆయన సుత్తి మాత్రం లాక్కోకండి."

ఎనిడ్ అతని పక్కకు వచ్చి నిలబడింది. మెట్‌కాఫ్ కప్పులు ఒక్కొక్కటే తుడిచి బుట్టలో సర్దుకున్నాడు. అప్పుడు తలెత్తాడు.

"మా నాన్న పోయి పదేళ్ళయింది సారూ. మీరు గోడెక్కడానికి తంటాలు పడటం మా వంటింటి కిటికీలోంచి చూశాకే, ముగ్గురికి సరిపడా టీ నీళ్ళు పెట్టా."