మాట్లాడని కమ్మ

చదవడంలో తడబడే పిల్లలందరికీ ఇప్పుడు బళ్లో చెవికమ్మ పెడుతున్నారు. ఏ మాట దగ్గర ఆగితే ఆ మాటను అది చెవిలో చెబుతుంది. నాలుగో తరగతి శ్యామల కమ్మ రెండేళ్లుగా నోరు మూయలేదు. పక్కన బీడీలు చుట్టే తల్లి లసుమవ్వకూ ఆ గొణుగుడు వినబడేది. వారం నుంచి చప్పుడే లేదు. బిడ్డ మళ్లీ వెనకబడుతుందని భయపడి, బీడీల చాట పక్కన పెట్టి లసుమవ్వ బడికి పోయింది.

"కమ్మ ఖరాబైంది సారూ, మార్చియ్యుండ్రి."

సారు దాన్ని చూసి నవ్వాడు. "మంచిగనే ఉన్నదమ్మా. నీ బిడ్డ ఎక్కడా ఆగుతలేదు. ఇగ అదేం చెప్తది?"

తిరుగు బస్సెక్కగానే లసుమవ్వ పక్కసీటామె భుజం తట్టింది.

"మా బిడ్డ కమ్మ వారం సంది మాట్లాడుతలేదు!"

'అయ్యో, ఖరాబైందా?' అని ఆమె ఎప్పుడడుగుతుందా అని ఎదురుచూసింది.