ఒక్క హెర్నియా తక్కువ

"తినరా, ప్రొఫెసర్?" ఉప్పుచేప పెట్టిన రొట్టెల పళ్లాన్ని ముందుకు జరిపింది నర్సు హైకె.

"వద్దు," అన్నాడు లూడర్స్.

ఆసుపత్రి పొద్దుటి మీటింగులో ఆ పళ్లెం మీద మొదట చెయ్యి పడేది ఎప్పుడూ ఆయనదే. ఇవాళ కాఫీ కూడా ముట్టలేదు. ఎడమ చెయ్యి తెల్లకోటు జేబులోంచి తియ్యకుండా కుర్చీలో ఓ పక్కకి ఒరిగి కూర్చున్నాడు. మనిషి మంచి చిరాకులో ఉన్నాడని గేసా థామ్సెన్‌కి అర్థమైపోయింది. ఖర్మ కొద్దీ, అడగాల్సింది ఇవాళే అడగాలి.

సర్జరీలో ఆమె శిక్షణ పూర్తయింది. స్పెషలిస్టు పరీక్షకి దరఖాస్తు ఎల్లుండిలోగా వైద్యమండలికి చేరాలి. రెండే తక్కువ. మొదటి కోత నుంచి చివరి కుట్టుదాకా తన చేత్తో చేసిన హెర్నియా ఇంకొకటి. ఈమె ఇక ఒంటరిగా కత్తి పట్టొచ్చని పెద్ద డాక్టరు లూడర్స్ పెట్టాల్సిన సంతకం. ఈ విడత తప్పితే మళ్లీ పరీక్ష ఆకులు రాలే కాలంలోనే. ఫ్లెన్స్‌బుర్గ్‌లో ఒక ఆసుపత్రి ఆమె కోసం అట్టిపెట్టిన ఉద్యోగం అప్పటిదాకా ఆగదు.

"పది దాటాక నన్ను డాక్టరుగా లెక్కపెట్టకండి," అన్నాడు లూడర్స్ అందరితో. "రెండు వారాలు సెలవు. ఏదైనా ఉంటే హార్మ్స్‌ని అడగండి."

ఆయన తర్వాతి స్థానం హార్మ్స్‌ది. అతను తల దించుకుని కాఫీ కలుపుతున్నాడు. లూడర్స్ సెలవు పెట్టడం ఎవరూ ఎరగరు.

గేసా ఆయన్ని లిఫ్టు దగ్గర పట్టుకుంది. ఒకప్పుడు రెండేసి మెట్లు ఎక్కిన మనిషి, ఈ మధ్య ఒక్క అంతస్తుకి కూడా లిఫ్టు కోసం నిలబడుతున్నాడు.

"ప్రొఫెసర్, ఆ సంతకం..."

"హెర్నియా ఒకటి తక్కువుంది కదా, థామ్సెన్."

"ఇవాళ జాబితాలో ఒకటుంది. నాకిస్తే..."

"మీకే ఇచ్చాను."

ఆమెకి నమ్మకం కుదరలేదు. "మీరు పక్కనుంటారా?"

"నా నుంచి సాయం ఆశించకండి. హార్మ్స్ ఉంటాడు ఎదురుగా."

"మరి సంతకం?"

"అయ్యాక చూద్దాం. అప్పటికి నాకు చెయ్యి ఆడితే."

లిఫ్టు తలుపు మూసుకుంది. చెయ్యి ఆడాలట, పెన్ను కదపడం అంత బరువైన పనా అని ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లలో ఆయన ఆమె చేతిలోంచి కత్తి లాక్కోకుండా వదిలిన ఆపరేషన్లు చాలా తక్కువ. ఈ మధ్య అదీ మానేసి, స్టూలు లాక్కుని కూర్చుని చూస్తున్నాడు. తన మీద ఆశ వదులుకున్నాడని ఆమె లెక్క.

ఆపరేషన్ గదుల బాధ్యత హైకెది. గేసా వెళ్లేసరికి గోడ మీద జాబితా సరిచేస్తోంది.

"నీ పేషెంటు పేరు మైయర్. ఎడమవైపు గజ్జల్లో హెర్నియా. ప్రైవేటు."

"ప్రైవేటా?"

ప్రైవేటు పేషెంటంటే, పెద్ద డాక్టరే చెయ్యాలని పంతం పట్టి ఎక్కువ కట్టినవాడు. శిక్షణలో ఉన్నవాళ్లు ఆ గుమ్మంలోంచి తొంగి కూడా చూడరు.

"ఎవరీ మైయర్?"

"ఎవరికి తెలుసు? పేరు దాచుకునే వాళ్లందరూ ఇక్కడ మైయర్లే. పోయిన మైయర్ మన మేయరు గారు. ఈయనతో నిన్న హార్మ్సే కూర్చుని అన్నీ మాట్లాడాడు, మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. పేషెంటే నీ పేరు చెప్పి మరీ అడిగాడట."

"నన్నా? నేనెవరో ఆయనకి తెలుసా?"

"తెలిస్తే అడుగుతాడా?" అంది హైకె.

గేసాకి నవ్వు రాలేదు. కాలు ఒక చోట నిలవలేదు. బట్టలు మార్చుకుంది, అల్మారా వేసింది, మళ్లీ తీసింది, ఎందుకు తీసిందో తెలియలేదు. రేవులో ఓడ కూత వేస్తే ఉలిక్కిపడింది. ఇది కచ్చితంగా ఉచ్చే. ఎవరో పెద్దమనిషిని తన చేతిలో పెట్టి, లూడర్స్ సెలవులో పడవెక్కుతాడు. ఏ చిన్న తేడా వచ్చినా సంతకం ఎగ్గొట్టడానికి సాకు సిద్ధం.

నిన్న సాయంత్రం లూడర్స్ వేసిన ప్రశ్నలు గుర్తొచ్చాయి. నరం అడ్డొస్తే ఏం చేస్తారు, లోపల కుట్టే మెష్ వలని ఎంత వెడల్పు కోస్తారు, పేషెంటు ముసలివాడైతే, దగ్గేవాడైతే. అన్నిటికీ జవాబు చెప్పింది. చివర్లో ఉన్నట్టుండి అడిగాడు.

"హెర్నియా మీకే వస్తే ఎవరిచేత చేయించుకుంటారు?"

"మీ చేత."

"నాకు కుదరకపోతే?"

ఆమె తడబడింది. నా అంతటివాళ్లు ఇంకొకరు లేరని తనే చెప్పుకోలేదు కదా.

"అదే ఆలోచించాల్సిన సంగతి," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. అక్కడితోనే తన పని అయిపోయిందనుకుంది.

"రావే, నీ మైయర్ వచ్చేశాడు," హైకె పిలిచింది. "తెర వెనకున్నాడు. మత్తు ఇంకా ఇవ్వలేదు."

గేసా కోత పెట్టే చోట గుర్తు గీసే పెన్ను తీసుకుంది. చేరిన ఏడాది ఫైలు చూసి పేషెంటు పేరు తనే చదివినందుకు లూడర్స్ ఆమెని అందరి ముందూ గదిలోంచి పంపేశాడు. పేషెంటు ఎంతటివాడైనా సరే, ముందు పేరు అతని నోటితోనే చెప్పించాలి. ఆ పాఠం జన్మలో మరిచిపోదు. మేయరు కాకపోతే మంత్రి కానీ, అడిగి తీరుతుంది.

తెర జరిపింది. చేతిలో పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

"పేరు అడగండి, డాక్టరు గారూ," అన్నాడు బల్ల మీద పడుకున్న లూడర్స్.