సగం గోడ

మిషను చూడడానికి అతని బావమరిది ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు.

వచ్చినాయన దాని చుట్టూ తిరిగాడు. పైపు ఎత్తి చూశాడు. వాడినట్టే లేదే అన్నాడు.

నిజమే. నీళ్ళు జోరుగా చిమ్మి గోడల మీది నాచు వదిలించే ప్రెషర్ మిషను అది. ఫ్యాక్టరీ మూతపడ్డాక చేతికొచ్చిందంతా పెట్టి కొన్నాడు అతను. కొన్నప్పటి నుంచి దానికి వరండాలో పడుకోవడమే పని.

"నెలాఖరు దాకా చూడు బావా. తర్వాత దీన్ని ఈయనకిచ్చేసి నా కొట్లోకి వచ్చెయ్" అన్నాడు బావమరిది.

కొట్లో మూటలెత్తే పని. పైగా బావమరిది కింద. భార్య గుమ్మంలోంచి చూసి లోపలికి వెళ్ళిపోయింది. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు మళ్ళీ మిషను తోసుకుంటూ బయల్దేరాడు.

ఆ వీధిలో అన్నీ పెద్ద ఇళ్ళే. ప్రహరీ గోడలన్నీ నాచుపట్టి నల్లగా ఉన్నాయి. పనికి కొదవ లేదు, ఇచ్చేవాళ్ళకే కొదవ. కొందరు గేటు తియ్యలేదు. తీసినవాళ్ళు రేటు వినగానే మూసేశారు.

మూలమీది ఇంట్లో ఒక పెద్దావిడ గేటు పక్కన కుర్చీ వేసుకుని చినిగిన దుప్పటి కుట్టుకుంటోంది. రేటు చెప్పాడు.

"నీళ్ళు మావి, కరెంటు మాది. పైపు పట్టుకు నిలబడ్డానికి అంతా?"

అతను గాభరాపడి సగానికి దిగిపోయాడు.

"అడగ్గానే సగం తగ్గించావంటే ముందు చెప్పింది అబద్ధమనేగా?" అంది ఆవిడ, సూది మీంచి చూపు తిప్పకుండా.

అతనికి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. ఆవిడకి చెప్పాల్సిన జవాబు పక్క మీద పడుకున్నాక తట్టింది.

పొద్దున్నే వెళ్ళి చెప్పాడు. మనిషిని పెట్టి బ్రష్‌తో రుద్దిస్తే రోజుల తరబడి సాగుతుంది, అయినా నాచు వేళ్ళు లోపలే ఉండిపోతాయి, తాను మధ్యాహ్నానికల్లా ముగించి వెళ్ళిపోతాను అన్నాడు.

ఆవిడ విన్నది. "రంగు లేచిపోతేనో?" అంది.

తిట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. ముసలావిడకి పొద్దుపోక తనతో ఆడుకుంటోందనుకున్నాడు. అయినా ఇంకో గుమ్మం లేదు, ఆ మర్నాడూ వెళ్ళాడు.

"ముందు ఓ మూల కడిగి చూపిస్తానమ్మా. రంగు కాస్త లేచినా డబ్బులివ్వొద్దు. బాగుంటే మాత్రం నా రేటు నాకివ్వండి. తగ్గించను."

ఆవిడ దుప్పటి మడిచి పక్కన పెట్టింది.

"సరే. నీ రేటే. కానీ సగం గోడే కడుగు."

అతనికి ఒళ్ళు మండింది. ఎంత పిసినారితనం ఇది! ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. గేటుకి ఇటువైపు కడిగించింది, అటువైపు ముట్టుకోనివ్వలేదు. లెక్క ప్రకారం డబ్బులిచ్చి, ఫోన్ నంబరు అడిగి తీసుకుంది.

ఇటు తెల్లగా, అటు నల్లగా, గోడ ఎబ్బెట్టుగా నిలబడింది.

వారం తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. ముందు ఎదురింటివాళ్ళు, తర్వాత పక్క వీధివాళ్ళు. అందరూ ఆవిడ అడిగినవే అడిగారు. ఇంత రేటా అన్నారు, రంగు పోతుందేమో అన్నారు. అతను తడబడకుండా జవాబు చెప్పాడు, పైసా తగ్గలేదు. మాట్లాడే నేర్పు తనకు పుట్టుకతోనే ఉందనుకున్నాడు. మిషను కొంటానన్న మనిషికి బావమరిదే సర్దిచెప్పి పంపేశాడు.

కొత్త బేరం కుదిరినప్పుడల్లా 'సగం గోడావిడ' కథ చెప్పి నవ్వించేవాడు. ఆ దారిన వెళ్తూ, ఇంకా నల్లగానే ఉన్న సగాన్ని చూసి తనలో తను నవ్వుకునేవాడు. ఆగి పలకరించింది మాత్రం లేదు.

ఒకరోజు అన్నం వడ్డిస్తూ భార్య అంది, "మొదటి బేరం ఇచ్చిన చెయ్యి. ఆ మిగతాది ఊరికే కడిగి రండి."

అతనికి సిగ్గేసింది. మర్నాడే మిషను తీసుకుని వెళ్ళాడు.

కుర్చీ లేదు. గేటు దగ్గరికి ఒకాయన వచ్చాడు. ఇంటి యజమానినన్నాడు.

"అమ్మగారున్నారా? గోడ కడిగించుకున్నారు..."

"ఆవిడా? పెరటి గదిలో అద్దెకుండేవారు. పోయిన నెల కాలం చేశారు."

అతను గోడ వైపు చెయ్యి చూపించాడు.

"మరి ఈ గోడ?"

"నాదే. డబ్బు ఆవిడది. మీకెందుకమ్మా అన్నాను, వినలేదు. మొత్తం కడిగిస్తే ఎవరూ ఆగి చూడరట, సగమైతే ప్రతివాడూ ఆగి అడుగుతాడట. అడిగినవాళ్ళకల్లా మీ నంబరు ఇచ్చేవారు. మిగతాది నేను కడిగించబోతే, ఆ అబ్బాయి నిలదొక్కుకునేదాకా ఉండనివ్వండి అన్నారు."

అతను నల్ల గోడ వైపు చూడలేకపోయాడు. ఇన్నాళ్ళూ ఎంతమందిని నవ్వించాడో గుర్తొచ్చింది.

"నేనెవరో కూడా తెలీదండీ ఆవిడకి. పైగా నన్ను మాటలతో అన్ని తిప్పలు పెట్టారు" అన్నాడు.

యజమాని గేటు బార్లా తీశాడు.

"ఆవిడ వయసంతా ఇంటింటికీ తిరిగి సబ్బులమ్ముకున్న మనిషండీ, మిమ్మల్ని అన్నవన్నీ ఇలాంటి గేట్ల ముందు ఆవిడ పడ్డ మాటలే."