ఎర్ర నందివర్ధనం

“పువ్వుని తోమడమేటే, పళ్ళు తోమినట్టు?” అన్నాడు నూకరాజు. అతని చేతిలో గడ్డం గీసుకునే బ్రష్షు ఉంది. రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు, ఇంకా పడుకోలేదు.

“తోమమన్నానా? నెమ్మదిగా నిమరమన్నాను. రేకు సిరిగిందంటే నీ ఈపు సిరుగుద్ది,” అంది పోలమ్మ.

కిరండూల్ రైల్వే క్వార్టర్లలో ఆ రోజు పూలతోటల పోటీ. పోలమ్మ ఇంటిముందు మల్లె పూసింది, కనకాంబరం పూసింది, ముద్దమందారం కూడా పూసింది. కాని ఆమె ఆశంతా నందివర్ధనం మీదే. ఆకు కనపడకుండా పూసింది మరి. ఫస్టు ప్రైజు కూలరు. దాన్ని పెట్టడానికి పోలమ్మ అప్పుడే కిటికీ దగ్గరకి బల్ల జరిపి ఉంచింది.

చిక్కల్లా ఎదురుగా ఉన్న రైలు కట్టతోనే. ఇనప రాయి మోసుకుపోయే గూడ్సు కదిలినప్పుడల్లా ఎర్రదుమ్ము లేస్తుంది. గోడలు, ఆరేసిన దుప్పట్లు, కోళ్ళు, అన్నీ కావిరంగే. అక్కడ తెల్లకోడిని ఎర్రకోడనుకుని కొనుక్కుపోయి, ఇంటికెళ్ళి కడిగాక గొడవకొచ్చినవాళ్ళున్నారు.

నూకరాజు ఆఖరి పువ్వు కడిగి నడుం ఎత్తాడు. గూడ్సు కూత వేసింది.

“మళ్ళీ మొదలెట్టు,” అంది పోలమ్మ.

పక్కింటి గ్రేసీ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆమె ఇంటిముందూ నందివర్ధనమే. ఒక్కసారీ కడగలేదు. చెట్టంతా ఇటుకపొడి చల్లినట్టు ఉంది.

“వదినా, అన్నయ్యకి రైలు డూటీ కన్నా పువ్వు డూటీయే ఎక్కువైపోనాది,” అంది గ్రేసీ.

“నీ సెట్టు నువ్వు కడుక్కోవేటే? ఆ కొమ్మ నేనిచ్చిందే. నా పరువు తీసేత్తన్నావు.”

“నా కుళాయిలో పానీ బంద్. దేవుడు వానిత్తే అదే కడుక్కుంటాది.”

మధ్యాహ్నానికి జడ్జిగారు వచ్చారు. పేరు శ్యామ్‌ప్రసాద్. విశాఖలో ఏదో పూల సంఘానికి పెద్ద. పక్క ఊరు బచేలిలో తోటలు చూసి, కాలనీ సెక్రటరీ ఉమామహేష్ బండి వెనక కూర్చుని వచ్చారు. ఉమామహేష్ ఆయన్ని గేటు దగ్గర దింపి షామియానా పని మీద వెళ్ళిపోయాడు.

“ఆలస్యమైందమ్మా. దారంతా రాయి లారీలే. ఒక్కటీ సైడివ్వలేదు,” అన్నారు శ్యామ్‌ప్రసాద్.

పోలమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని దణ్ణం పెట్టింది. ఆయనది కావిరంగు చొక్కా, కావిరంగు పంచె.

“హనుమాన్ మాలలో ఉన్నారు. కాళ్ళకడ్డం రాకు,” అని మొగుడికి గొణిగింది.

“మాలలో ఉండి సెప్పులేటే?”

“సదువుకున్నోళ్ళు. కాళ్ళు కాలవేటి? ఊరుకో. రండి స్వామీ, రండి.”

స్వామీ అనగానే శ్యామ్‌ప్రసాద్ మొహం విప్పారింది. హుందాగా తల పంకించి నందివర్ధనం దగ్గరకి నడిచారు. అటు చూశారు, ఇటు చూశారు.

“బాగుంది. తెల్ల నందివర్ధనం. మా ఇంట్లోనూ ఉంది. మా ఎదురింట్లోనూ ఉంది. మా వీధి చివర చెత్తకుండీ పక్కన కూడా ఉంది.”

పోలమ్మ మొహం వాడింది. ఆయన చూపు దడి దాటింది. కాళ్ళు కూడా దాటబోయాయి.

“అదేమిటి? ఎర్ర నందివర్ధనమా? నా జన్మలో చూడలేదు.”

గ్రేసీ చింతపండు చాట పక్కకి నెట్టి లేచింది. ఆమె చర్చికెళ్ళే మనిషి. అయినా కూలరు అందరికీ కావాలి. “ఎర్రదే స్వామీ. ఏక్‌దం ఎర్రది,” అంది.

“దుమ్ము స్వామీ అది,” అంది పోలమ్మ. “గూడ్సు దుమ్ము. ఆ కొమ్మ నా సెట్టుదే.”

శ్యామ్‌ప్రసాద్ నవ్వారు. “దుమ్మయితే ఇంత సమంగా పడుతుందా అమ్మా? రేకు రేకుకీ ఒకటే రంగు. పుట్టుకతో వచ్చిన రంగుకీ పైన పడ్డ దుమ్ముకీ తేడా నాకు తెలీదా?”

“సెంబుడు నీళ్ళు పోస్తే మీకే తెలుత్తాది,” అని నూకరాజు చెంబు ఎత్తాడు.

ఆయన అడ్డంగా నిలబడ్డారు. “మిట్టమధ్యాహ్నం పువ్వు మీద నీళ్ళా? చెట్టు ఉసురు పోసుకుంటావా? దించు.”

నూకరాజు దించాడు.

“ఇంక చూసేదేమీ లేదు. ఫస్టు ప్రైజు ఈ అమ్మాయిదే,” అన్నారు శ్యామ్‌ప్రసాద్.

పోలమ్మ మెట్టు మీద కూలబడింది. కిటికీ దగ్గర బల్ల ఖాళీగా కనిపిస్తోంది. నూకరాజు బ్రష్షు జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడైనా పడుకోవచ్చా అని అడుగుదామనుకున్నాడు గాని, ఆమె మొహం చూసి మానేశాడు.

గ్రేసీ అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కూలరిచ్చిన మనిషిని ఒక మంచిమాట అనకుండా పంపడం ఆమెకి నచ్చలేదు.

“మీ కోసమే పూసినట్టున్నాది స్వామీ ఈ పువ్వు. సూడండి, మీ మాల బట్టలదీ దీనిదీ ఒకటే రంగు.”

“మాలేమిటమ్మా?” అన్నారు శ్యామ్‌ప్రసాద్, పంచె వైపు తల వంచుతూ. “పొద్దున్న తెల్లబట్టలు కట్టుకునే బయల్దేరానే.”

పోలమ్మ మెట్టు మీంచి లేచింది.

“ఏమయ్యా, ఆ బ్రష్షు ఇలగ తే.”