తెల్లబడ్డ తాడు

ఆమె భయం ఒక్కటే. ఏదో ఒక ఆదివారం భర్త సరదాకి తాడు కట్టుకుని ఎక్కే బండమీద నుంచి జారిపడతాడు, తనూ పాపా మిగిలిపోతారు. మిగతా భయాలన్నీ ఆ ఒక్కదాని పిల్లలు.

అందుకే ఆ ఉదయం పాపను చంకనేసుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకో, బస్సు వెళ్ళిపోతుంది."

"మీ లాబ్ పెద్దాయనకి ఏం చెప్పారు?"

"రేపు చెప్తానన్నాను."

"రేపేమిటండీ? లాబ్ మొత్తానికీ మిమ్మల్నే పెద్దని చేస్తానంటుంటే, ఆలోచించి చెప్తానంటారా?"

అతను పళ్ళసెట్లు తయారుచేసే లాబ్‌లో పనిచేస్తాడు. పనిమంతుడే. అయితే ఆదివారం బండ ఎక్కి వచ్చాడంటే సోమవారానికి వేళ్ళ కొసలు చెక్కుకుపోయి ఉంటాయి. కొక్కేలకు రాసుకుని తాడుకు పట్టిన మసి గోళ్ళ సందుల్లోంచి ఒక పట్టాన వదలదు. తెల్లటి అచ్చుల మీద నల్లటి వేలిముద్రలు పడతాయి. "పళ్ళు చెయ్యమంటే పుచ్చుపళ్ళు చేస్తున్నావేమయ్యా?" అని పెద్దాయన అందరి ముందూ అన్నాడు. బండో, కుర్చీయో తేల్చుకోమన్నాడు.

"ఆరు రోజులు ఎవరెవరి దవడలో చూస్తూ కూర్చుంటాను. ఒక్క పూట నన్ను గాలి పీల్చుకోనివ్వవే!"

"ఇక్కడ గాలి లేదా? కిటికీ తీస్తాను, పీల్చుకోండి."

అతనికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. "బండమీద ఉన్నప్పుడు చెయ్యి పెట్టిన చోటు తప్ప ఇంకేదీ గుర్తుండదు. అది చెప్తే తెలిసేది కాదు."

"అవున్లెండి. నాకేం తెలుస్తుంది, చదువుకున్నదాన్నా?"

ఆ మాటకు అతని మొహం చిన్నబోయింది. మంచం కిందికి వంగి సంచి లాగాడు. సంచి తేలిగ్గా వచ్చేసింది.

"తాడేదీ? దాచేశావా? నిజం చెప్పు!"

ఆమె పాపను అతని చేతుల్లో పెట్టి బాల్కనీలోకి వెళ్ళింది. తాడు చుట్ట తెచ్చి అతని కాళ్ళ దగ్గర పడేసింది.

బొగ్గులా ఉండే తాడు మల్లెపువ్వులా ఉంది. ఎప్పుడో మసిలో కలిసిపోయిన నీలిగీత కూడా పైకి తేలింది.

"దీని మూలానేగా మీ చేతులు నల్లబడేది?" అంది గోడవైపు చూస్తూ. "మీకు బండ కావాలి, పెద్దాయనకి తెల్లటి చేతులు కావాలి. రెండూ కుదురుతాయేమోనని మొన్న మీరు పనికెళ్ళాక నానబెట్టి ఉతికాను. మీరు చూడకుండా బాల్కనీలో ఆరేశాను."

అతను పాపను కిందికి దించి, తాడును మూర మూరా వేళ్ళ మధ్యనుంచి లాగి తడిమి చూశాడు. ఎక్కే ముందు ఎప్పుడూ అలాగే చూసుకుంటాడు. ఎక్కడా తెగలేదు, పీచు లేవలేదు. వేళ్ళకు మసి అంటలేదు.

"దేంతో ఉతికావే?"

"ఈ రెండు చేతుల్తో. ఇంక బయల్దేరండి. బస్సు మా నాన్నది కాదు, మీకోసం ఆగడానికి."

అతను గుమ్మం దాటి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "రేపు పెద్దాయనకి సరేనని చెప్తాను. ఆదివారం పొద్దున పూట మాత్రం నాది అంటాను. చేతులు చూపిస్తే ఒప్పుకుంటాడు."

నవ్వుతూ మెట్లు దిగాడు. ఆదివారం అతను నవ్వుతూ వెళ్ళడం, తను నవ్వుతూ పంపడం అదే మొదటిసారి.

తర్వాత ఇల్లు ఎప్పటిలాగే నోరు మూసుకుంది. వరండాలో తలుపులన్నీ వేసి ఉన్నాయి. పైవాళ్ళు కుర్చీ జరిపిన చప్పుడు వినబడితే, పలకరింపులా తలెత్తి చూసింది. "నాన్న ఇప్పుడు ఎంతదాకా వెళ్ళుంటాడే?" అని పాపను అడిగింది. పాప వేలు చీకుతూ చూసింది. ఈ ఊళ్ళో ఆమె ప్రశ్నలు వినేది పాప ఒక్కతే.

మరీ ఊసుపోక బాత్‌రూంలోకి వెళ్ళింది. తాడు నానబెట్టిన నీళ్ళు పారబొయ్యబుద్ధి కాక, నిన్న అందులోనే వంటింటి మసిగుడ్డలు పడేసింది. ఒకటి పైకి తీసింది. తెల్లగా ఉంది. పిండబోతే రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది. ఇంకోటి తీసింది. అదీ అంతే, తడిసిన కాగితంలా.

ఆ ముక్కలు పట్టుకుని ఎదురింటి తలుపు కొట్టింది.

"పిన్నిగారూ, ఇవి ఇలా అయ్యాయేమిటండీ?"

పిన్నిగారు ముక్క వాసన చూసింది. "దేన్లో నానేశావు?"

"బాత్‌రూం గచ్చు కడిగే సీసా ఉంటుంది కదండీ, దాంట్లో సగం పోశాను. గచ్చుమీద జిడ్డు ఇట్టే పోతుంటేనూ..."

"పిచ్చిపిల్లా! అది యాసిడే తల్లీ! అందులో పడ్డవి పైకి బాగానే కనబడతాయి. లాగితేనే తెలుస్తుంది వాటి పని అయిపోయిందని." ఆవిడ ఆమె అరచేతులు తిప్పి చూసింది. ఎర్రగా పొక్కి ఉన్నాయి. "పోన్లే, మసిగుడ్డలే కదా. చేతులకి కాస్త నూనె రాసుకో," అంటూ తలుపు వేసుకుంది.

ఆమె భర్తకు ఫోను చేసింది. అందుబాటులో లేదంది. మళ్ళీ చేసింది. పదిసార్లు చేసింది. అతని వెంట ఎక్కే స్నేహితుడి నంబరు ఆమె దగ్గర లేదు. ఆ బండలకు ఏ దారిన వెళ్ళాలో తెలియదు. అడుగుదామంటే ఇంకో మనిషి తెలియదు.

మీరెవరైనా ఇవాళ ఆ బండల వైపు వెళ్తుంటే, మల్లెపువ్వులాంటి తాడు నడుముకు కట్టుకున్న ఆ పళ్ళసెట్ల మనిషి ఇంకా నేలమీదే ఉన్నాడేమో ఒక్కసారి చూడండి.